రౌటర్ కొత్తగా కొన్నవాళ్లు మొదట ఏ బిట్లు తీసుకోవాలి

చెక్క పనిలో వాడే రౌటర్ అనేది ఒట్టి మోటార్, చెక్కని కోసేదీ చెక్కేదీ అంతా దానికి బిగించే బిట్టే. అయినా చాలామంది మిషన్ కోసం వారాల తరబడి వెతికి వెతికి, బిట్ల దగ్గరికొచ్చేసరికి ముప్పై పీసుల సెట్ ఒకటి చూసి అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా అని తీసేసుకుంటారు. పెట్టె తెరిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, వరసగా రకరకాల ఆకారాలు, కానీ ఏడాది పోయాక చూడండి, అందులో నాలుగో అయిదో అరిగి మొద్దుబారిపోయి ఉంటాయి, మిగతావి కొన్న రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. పైగా ఆ నాలుగైదు కూడా నాసిరకం కాబట్టి కోత శుభ్రంగా రాదు, కొత్తవాళ్లేమో తప్పు తమ చేతిది అనుకుంటారు. అందుకే నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే, ఆకారాలు చూసి కొనకండి, మీరు ముందు ఏ వస్తువు చేయబోతున్నారో అది చూసి కొనండి, తక్కువ కొనండి, కొన్నవి మాత్రం మంచివి కొనండి.

బిట్ ఆకారం గురించి మాట్లాడే ముందు షాంక్ సంగతి తేల్చుకోవాలి. షాంక్ అంటే బిట్ కాడ, రౌటర్ కొలెట్‌లోకి, అంటే బిట్‌ని పట్టి బిగించే చోటికి దూరే భాగం. ఎక్కువగా కనిపించేవి పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, ఇవి కాక 6, 8, 12 మిల్లీమీటర్ల షాంకులు కూడా ఉంటాయి. 6 మిల్లీమీటర్లదీ పావు అంగుళందీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలీదు, కానీ పావు అంగుళం కొలెట్‌లో 6 మిల్లీమీటర్ల కాడ పెడితే ఎంత బిగించినా సరిగ్గా పట్టదు, నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగేటప్పుడు అది జారిందంటే చెక్క పాడవడం ఒక్కటే కాదు, మనిషికే ప్రమాదం. 12 మిల్లీమీటర్లకీ అర అంగుళానికీ కూడా ఇదే మాట. మీ రౌటర్‌తో వచ్చిన కొలెట్ మీద ఏ సైజు రాసుందో చూసి, బిట్ ప్యాకెట్ మీద కూడా అదే ఉంటేనే తీసుకోండి, దగ్గరదగ్గరగా ఉందిలే అని సరిపెట్టుకోవద్దు.

చిన్న ట్రిమ్ రౌటర్ అయితే పెద్దగా ఆలోచించే పనే లేదు, అందులో పావు అంగుళమో, 6 లేదా 8 మిల్లీమీటర్లో ఏదో ఒకటే పడుతుంది. పెద్ద రౌటర్ ఉండి రెండు కొలెట్లూ వచ్చుంటే అప్పుడు ప్రశ్న వస్తుంది. లావుపాటి కాడ వంగదు, వణకదు, ఎందుకంటే కాడ వ్యాసం రెట్టింపైతే వంగకుండా నిలబడే బలం రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. అందుకే పొడవుగా ఉన్నవీ, వెడల్పుగా ఉన్నవీ అర అంగుళం షాంక్‌లోనే తీసుకోవాలి, కోత నున్నగా వస్తుంది, గలగల చప్పుడు ఉండదు. కానీ 6 మిల్లీమీటర్ల గాడి కోసే సన్నటి స్ట్రెయిట్ బిట్‌కి షాంక్ ఎంత లావుంటే ఏం లాభం, విరిగితే కోసే చోటే విరుగుతుంది. అలాంటివీ, అంచుని గుండ్రం చేసే 3 మిల్లీమీటర్ల చిన్న రౌండోవర్ లాంటివీ పావు అంగుళం షాంక్‌లో తీసుకున్నా నష్టం లేదు, రేపు ట్రిమ్ రౌటర్ కూడా కొంటే రెండింటికీ పనికొస్తాయి.

రెండో సంగతి, బిట్ దేనితో చేశారన్నది. హైస్పీడ్ స్టీల్ బిట్లు ఉంటాయి, కార్బైడ్ ముక్కలు అతికించినవి ఉంటాయి, మొత్తం కార్బైడ్‌తోనే చేసినవి ఉంటాయి. స్టీల్‌కి పదును బాగా వస్తుంది, మెత్తటి చెక్కలో కోత కూడా బాగుంటుంది, కానీ ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక) లాంటి వాటిలో ఉండే జిగురు ఆ పదునుని చూస్తుండగానే తినేస్తుంది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ ప్లైవుడ్ మీదో ఎండీఎఫ్ మీదో ఏదో ఒక పని చేస్తారు కాబట్టి కార్బైడ్ అతికించినవే తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి, కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు, సిమెంట్ నేల మీద పడినా, డ్రాయర్‌లో ఇంకో బిట్‌కి కొట్టుకున్నా అంచు చిన్నగా రాలిపోతుంది, ఆ రాలిన చోటు ప్రతి కోతలో ఒక గీతలా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక మొదటి బిట్లు. నా లెక్కలో అయిదు రకాలు చాలు, అయిదూ ఒకేసారి కొననక్కర్లేదు కూడా.

స్ట్రెయిట్ బిట్ లేకుండా రౌటర్ ఉండీ దండగే. గాడులు కొట్టడానికీ, షెల్ఫ్ కూర్చునే చోటు తీయడానికీ, తాళానికో బందుకో గుంట చెక్కడానికీ అన్నిటికీ ఇదే. రెండు అంచులున్నది తీసుకోండి, ఒకే అంచున్నది త్వరగా కోస్తుంది కానీ గోడలు గరుకుగా వదులుతుంది. సైజు విషయంలో చాలామంది చేసే పని ఏంటంటే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి 18 మిల్లీమీటర్ల బిట్ కొనడం. ప్లైవుడ్ మీద 18 అని రాసున్నా కొలిస్తే కాస్త తక్కువే ఉంటుంది చాలాసార్లు, దాంతో గాడి వదులైపోతుంది, షెల్ఫ్ అందులో ఊగుతుంది. 12 మిల్లీమీటర్లదో అర అంగుళందో ఒకటి తీసుకుని, గాడిని రెండు సార్లుగా, ఒకసారి ఈ పక్క గోడా, ఇంకోసారి ఆ పక్క గోడా కోసుకుంటే మీ దగ్గరున్న పలక ఎంత మందం ఉంటే అంతకి సరిగ్గా సరిపోతుంది. కాబట్టి మొదట ఒక 12 మిల్లీమీటర్లదీ, ఒక 6 మిల్లీమీటర్లదీ చాలు, 6 కంటే పెద్ద గాడులన్నీ వీటితోనే వస్తాయి.

కొనేటప్పుడు స్ట్రెయిట్ బిట్ అడుగు వైపు తిప్పి చూడండి. కింది కొసన కూడా కోసే అంచు మధ్య వరకూ ఉంటే అది నేరుగా చెక్కలోకి దిగగలదు, అంటే మోటార్‌ని పైకీ కిందకీ దించగలిగే ప్లంజ్ రౌటర్‌తో పలక మధ్యలో గాడి మొదలుపెట్టొచ్చు. అడుగున మధ్యలో ఖాళీ ఉంటే అది అంచు నుంచి లోపలికి రావడానికే, పై నుంచి దింపితే మధ్యలో ఉన్న చెక్క కోయబడక రాసుకుని మాడిపోతుంది, పొగ వస్తుంది.

స్పైరల్ బిట్లని కూడా ఉంటాయి, కోసే అంచు మెలికలు తిరిగి ఉంటుంది. అప్‌కట్ అయితే పొట్టుని పైకి లాగేస్తుంది, లోతు గాడిలో చాలా హాయి, కానీ పై అంచున పేళ్లు లేపుతుంది. డౌన్‌కట్ దానికి రివర్స్, పై అంచు కత్తితో కోసినట్టు శుభ్రంగా వస్తుంది కానీ పొట్టు గాడిలోనే కుక్కుకుపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా దించాలి. మంచివే కానీ ఖరీదు ఎక్కువ, మొదటి రోజే అవసరం లేదు, మామూలు స్ట్రెయిట్ బిట్ అరిగిపోయినప్పుడు దాని స్థానంలో స్పైరల్ తెచ్చుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

రెండోది బేరింగ్ ఉన్న ట్రిమ్ బిట్. నన్నడిగితే రౌటర్ కొన్నందుకు అసలైన ఫలితం దీనితోనే వస్తుంది, ఎక్కువ డబ్బు పెట్టాల్సింది కూడా దీని మీదే. దీని పని చాలా సింపుల్, బేరింగ్ వ్యాసమూ కోసే భాగం వ్యాసమూ ఒకటే, బేరింగ్ దేని మీద దొర్లితే కోత సరిగ్గా దాని అంచుతో సమానంగా పడుతుంది. ఒక వంపు ఆకారాన్ని సన్నటి ఎండీఎఫ్ మీద ఒక్కసారి ఓపిగ్గా గీసి, కోసి, రుద్ది పెట్టుకుంటే చాలు, ఆ తర్వాత అదే ఆకారం నాలుగు కుర్చీ కాళ్లకైనా నలభైకైనా ఒకేలా వస్తుంది. లామినేట్ అంచు సమం చేయడానికీ, అంచుకి అతికించిన చెక్క పట్టీని పలకతో సమం చేయడానికీ ఇదే.

ఇందులో రెండు రకాలు, బేరింగ్ కింది కొసన ఉంటే ఫ్లష్ ట్రిమ్, కాడ వైపు ఉంటే ప్యాటర్న్ బిట్. ఫ్లష్ ట్రిమ్‌కి టెంప్లేట్, అంటే ఆ ఎండీఎఫ్ నమూనా, చెక్కకి కింద ఉండాలి, ప్యాటర్న్ బిట్‌కి పైన ఉండాలి. లామినేట్ పనీ, అంచు పట్టీల పనీ ఎక్కువైతే ఫ్లష్ ట్రిమ్ తీసుకోండి, ఆకారాలు కోసే పని ఎక్కువైతే ప్యాటర్న్ బిట్. ప్యాటర్న్ బిట్ కొనేటప్పుడు మాత్రం పొడవు ఎక్కువుంటే ఎక్కువ పనికొస్తుందని అనుకోకండి. మీ టెంప్లేట్ 6 మిల్లీమీటర్ల మందం, బిట్ కోసే పొడవు 25 మిల్లీమీటర్లు అనుకోండి. బేరింగ్ టెంప్లేట్‌కి తగలాలంటే ఆ 25 మిల్లీమీటర్లూ కిందికి దించాల్సిందే, అంటే మొదటి కోతే ఇరవై మిల్లీమీటర్ల దాకా లోతు, అది రౌటర్‌కీ భారం, చేతికీ ప్రమాదం. అదే కోసే పొడవు 10, 12 మిల్లీమీటర్లున్న పొట్టి బిట్ అయితే, 12 మిల్లీమీటర్ల మందం టెంప్లేట్ పెట్టుకుని కొద్దిగా దించి ఒక పాస్, ఇంకొంచెం దించి మరో పాస్ వేయొచ్చు, కొంత లోతు అయ్యాక టెంప్లేట్ తీసేసి, అప్పటికే కోసిన అంచు మీదే బేరింగ్ దొర్లించి మిగతాది పూర్తి చేయొచ్చు. పొట్టిదే మొదట కొనండి.

ఇంకో మాట, ట్రిమ్ బిట్‌తో చెక్క మొత్తం కోసేయాలని చూడకూడదు. ముందు జిగ్‌సాతోనో చేతి రంపంతోనో గీతకి రెండు మూడు మిల్లీమీటర్లు బయటగా కోసేసి, మిగిలిన ఆ కొంచెమే బిట్‌కి వదలాలి. అప్పుడు బిట్ పదును కూడా ఎక్కువ కాలం ఉంటుంది, చెక్క చీలే భయమూ తగ్గుతుంది.

మూడోది రౌండోవర్. టేబుల్ అంచు, అల్మరా తలుపు, ఏదైనా సరే చేతికి తగిలే చోట అంచు గుండ్రంగా ఉంటే ఆ వస్తువే వేరుగా అనిపిస్తుంది. కొత్తవాళ్లు అర అంగుళం రేడియస్ లాంటి పెద్దవి కొంటారు, కానీ ఎక్కువసార్లు పనికొచ్చేది 3 మిల్లీమీటర్లదీ, 6 మిల్లీమీటర్లదీ. 18 మిల్లీమీటర్ల పలకకి పైనా కిందా 6 మిల్లీమీటర్ల రౌండ్ కొడితే మధ్యలో ఇంకా 6 మిల్లీమీటర్ల చదును మిగులుతుంది, రెండో వైపు కొట్టేటప్పుడు బేరింగ్ దొర్లడానికి ఆ చదునే ఆధారం. అదే 10 మిల్లీమీటర్లది పెట్టారనుకోండి, రెండో వైపుకొచ్చేసరికి బేరింగ్ తగలడానికి చోటే ఉండదు, అది గుండ్రం చేసిన చోట లోపలికి జారి అంచుని కొరికేస్తుంది. అంత పెద్ద రౌండ్ కావాలంటే రౌటర్ టేబుల్ (రౌటర్‌ని కింది నుంచి తలకిందులుగా బిగించే బల్ల) మీద ఫెన్స్, అంటే చెక్క ఆనుకునే తిన్నటి పట్టీ, పెట్టి చేయాలి. ఈ బిట్‌ని కావలసినదానికంటే కొంచెం ఎక్కువ కిందికి దించితే గుండ్రం పక్కన చిన్న మెట్టు కూడా వస్తుంది, అదొక డిజైన్‌లా బాగుంటుంది, వేరే బిట్ కొనే పని లేదు.

నాలుగోది 45 డిగ్రీల చాంఫర్ బిట్. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం రౌండోవర్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. రౌండోవర్ ఎంత దించినా రేడియస్ మారదు, 6 అంటే 6. చాంఫర్ అలా కాదు, అర మిల్లీమీటర్ దించితే అంచు పదును చచ్చే సన్నటి గీత వస్తుంది, ఎక్కువ దించితే వెడల్పాటి ఏటవాలు అంచు వస్తుంది, ఒకే బిట్‌తో అన్ని సైజులూ. రెండు పలకలు కలిసే చోట సందు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే రెండు అంచులకీ సన్నటి చాంఫర్ కొట్టి చూడండి, ఆ తేడా నీడలో కలిసిపోయి అసలు కనపడదు.

అయిదోది రాబెట్ బిట్, అంచున మెట్టులా కోసేది. అల్మరా వెనక పలక కూర్చోవడానికీ, ఫోటో ఫ్రేమ్‌లో అద్దం కూర్చోవడానికీ ఇదే కావాలి. స్ట్రెయిట్ బిట్‌కి ఫెన్స్ పెట్టి కూడా ఈ పని చేయొచ్చు కాబట్టి ఇది వెంటనే కొనకపోయినా ఫర్వాలేదు. కొంటే మాత్రం నాలుగైదు బేరింగ్‌లతో వచ్చేది కొనండి, బేరింగ్ మారిస్తే మెట్టు వెడల్పు మారుతుంది. లెక్క సులువే, కట్టర్ వ్యాసంలోంచి బేరింగ్ వ్యాసం తీసేసి రెండుతో భాగిస్తే వచ్చేదే వెడల్పు. కట్టర్ 35 మిల్లీమీటర్లు, బేరింగ్ 15 అయితే మెట్టు 10 మిల్లీమీటర్లు పడుతుంది. ఫ్రేమ్ లోపలి మూలల్లో మాత్రం కోత గుండ్రంగానే ఆగుతుంది, అక్కడ ఉలితో మూల తీర్చుకోవాలి.

ఇక వీటిలో ఏది ముందు అంటే, చేయబోయేది పుస్తకాల రాక్ అయితే స్ట్రెయిట్, రాబెట్, చాంఫర్. టేబుల్ పై పలకో కూరగాయలు కోసే చెక్కో అయితే ట్రిమ్ బిట్, 6 మిల్లీమీటర్ల రౌండోవర్. చిన్న పెట్టె అయితే 6 మిల్లీమీటర్ల స్ట్రెయిట్, 3 మిల్లీమీటర్ల రౌండోవర్. ఇంకేం తోచకపోతే అర అంగుళం వ్యాసం ట్రిమ్ బిట్ ఒకటీ, 12 మిల్లీమీటర్ల స్ట్రెయిట్ ఒకటీ తీసుకుని పని మొదలుపెట్టేయండి, మూడోది ఏం కావాలో ఆ పనే చెప్తుంది.

వద్దు, ఆగండి అని చెప్పాల్సినవి కూడా కొన్నున్నాయి. ఓజీ, కోవ్ లాంటి అలంకారం బిట్లు ఒక వస్తువుకి నప్పితే ఇంకోదానికి నప్పవు, ఫలానా తలుపుకి ఫలానా అంచు కావాలని తేలాకే కొనాలి. డవ్‌టెయిల్ బిట్ అడుగున వెడల్పు, పైన సన్నం, కాబట్టి దాన్ని కొంచెం కొంచెంగా దించుతూ కోయడం కుదరదు, పూర్తి లోతులో ఒకేసారి వెళ్లాలి, ముందు స్ట్రెయిట్ బిట్‌తో మధ్య చెక్క తీసేయాలి, దానికి తగ్గ జిగ్, అంటే రౌటర్‌కి దారి చూపే అచ్చు, కూడా ఉండాలి, ఇది రెండో విడత పని. కీహోల్, స్లాట్ కట్టర్, అక్షరాలు చెక్కే వీ బిట్ ఇవన్నీ అవసరం వచ్చిన రోజు ఒక్కొక్కటిగా వస్తాయి.

ప్యానెల్ రైజింగ్ బిట్, అంటే తలుపు పలక అంచుని వెడల్పుగా ఏటవాలు చేసే పెద్ద బిట్, గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, చేతి రౌటర్‌కి దాన్ని ఎప్పుడూ పెట్టకండి. ఎందుకో లెక్క చూడండి. 12 మిల్లీమీటర్ల బిట్ నిమిషానికి 24,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి దాదాపు 15 మీటర్ల వేగంతో కదులుతుంది. 75 మిల్లీమీటర్ల బిట్‌ని అదే స్పీడులో తిప్పితే దాని అంచు వేగం సెకనుకి 94 మీటర్లు, అంటే గంటకి దాదాపు 340 కిలోమీటర్లు. అలాంటిది చేతిలో పట్టుకునే పని కాదు. పెద్ద బిట్ అంటే అర అంగుళం షాంక్, రౌటర్ టేబుల్, తక్కువ స్పీడు, ఈ మూడూ ఉండాల్సిందే. మామూలుగా అందరూ పాటించే లెక్క ఏంటంటే అంగుళం లోపు వ్యాసం ఉన్నవాటికి 24,000 వరకూ, అంగుళం నుంచి రెండు అంగుళాల వరకూ 18,000, రెండున్నర వరకూ 16,000, అంతకంటే పెద్దవి 12,000 లోపు. బిట్ కాడ మీదో ప్యాకెట్ మీదో గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) రాసుంటే దానికే కట్టుబడండి. స్పీడు మార్చే ఏర్పాటు లేని రౌటర్ మీదైతే పెద్ద బిట్ల జోలికి పోకండి.

బిట్ నాణ్యత చేత్తో పట్టుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. వెలుతురు వైపు తిప్పి కార్బైడ్ ముక్క ముఖం చూడండి, నున్నగా మెరుస్తూ ఉండాలి, గీతలు గీతలుగా కనిపిస్తే అది సానపెట్టడంలో చూపిన బద్ధకం, ఆ గీతలే రేపు చెక్క మీద కనిపిస్తాయి. కార్బైడ్ ముక్క మందంగా ఉందా అన్నది చూడండి, మందం ఉంటే మళ్లీ మళ్లీ పదును పెట్టుకోవచ్చు, రేకులా పల్చగా ఉంటే రెండుసార్లకే అయిపోతుంది. స్టీల్‌కీ కార్బైడ్‌కీ మధ్య అతుకు ఒక చివర నుంచి ఇంకో చివరికి నిండుగా ఉండాలి, ఎక్కడైనా సందో సూది బెజ్జమో కనిపిస్తే ఆ బిట్ పక్కన పెట్టేయండి, అది ఊడితే బుల్లెట్‌లా వచ్చి తగులుతుంది. బేరింగ్‌ని వేలితో తిప్పితే నెమ్మదిగా, గరగర లేకుండా తిరగాలి, పైకీ కిందకీ ఊగకూడదు. కాడ మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టుకోకూడదు.

సెట్టే కావాలనుకునేవాళ్లకి కూడా ఒక దారుంది, అయిదారు పీసులుండే చిన్న సెట్, పేరున్న తయారీదారుది, షాంక్ సైజు సరిపోయేది చూసుకుని తీసుకోండి, పైన చెప్పినవి అందులో చాలావరకు ఉంటాయి. పెద్ద సెట్ ఎంత చవగ్గా కనిపించినా ఒక్కో బిట్‌కి ఎంత పడుతుందో లెక్కేసుకుని, ఆ ధరకి మంచి కార్బైడ్ రావడం సాధ్యమేనా అని మీరే ఆలోచించండి.

బిట్ కొన్నాక మొదటిసారి బిగించేటప్పుడు ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆఫ్ చేశాం కదా అంటే కుదరదు, ప్లగ్ బయటికి రావాల్సిందే. కొలెట్‌లో ఉన్న పొట్టుని ఊదేసి, కాడని అడుగు తగిలేదాకా తోసి, తర్వాత రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి అప్పుడు బిగించండి. అడుగుకి ఆనించి బిగిస్తే కొలెట్ కాడని సరిగ్గా కరవదు, బిగిసినట్టే ఉండి పనిలో వదులవుతుంది. అలాగని లోతు చాలట్లేదని బిట్‌ని బయటికి లాగి కొసకి బిగించడం కూడా తప్పే, కాడ పొడవులో కనీసం నాలుగింట మూడొంతులు లోపల ఉండాలి. కాడ నుంచి కోసే భాగానికి మారే చోట చిన్న వంపు ఉంటుంది, ఆ వంపు మీద కొలెట్ పట్టకుండా చూసుకోండి.

మంచి బిట్ కూడా తప్పుగా నడిపితే చెడ్డ కోతే ఇస్తుంది కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. చేతి రౌటర్‌తో పలక బయటి అంచుల చుట్టూ వెళ్లేటప్పుడు పై నుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో వెళ్లాలి, ఫ్రేమ్ లోపలి అంచుల్లో అయితే గడియారం దిశలో. రౌటర్ టేబుల్ మీదైతే చెక్కని కుడి నుంచి ఎడమకి తోయాలి. రివర్స్‌లో వెళ్తే బిట్ చెక్కని పట్టుకుని తనే పరిగెత్తుతుంది, చేతిలోంచి లాగేసుకుంటుంది. లోతు విషయానికొస్తే పావు అంగుళం షాంక్ బిట్‌తో గట్టి చెక్కలో ఒక పాస్‌కి 3 మిల్లీమీటర్లు దాటకండి, అర అంగుళంతో 6 వరకూ వెళ్లొచ్చు. చివరి పాస్‌కి అర మిల్లీమీటర్ మాత్రమే వదిలి, ఆగకుండా ఒకే వేగంతో లాగితే ఇసుక కాగితం పని సగం తగ్గిపోతుంది. నాలుగు వైపులా అంచు కొట్టాల్సి వస్తే ముందు ఎండ్ గ్రెయిన్ వైపులు, అంటే చెక్క నార అడ్డంగా తెగి కనిపించే కొసలు, కొట్టండి, అక్కడ మూల దగ్గర పేళ్లు లేచినా తర్వాత పక్క వైపు కొట్టేటప్పుడు ఆ లేచిన భాగం ఎగిరిపోతుంది. మూల దాటే చోట వేస్ట్ ముక్క ఒకటి ఆనించి క్లాంప్ చేస్తే అసలు లేవదు.

చెవులకి రక్షణ పెట్టుకున్నా కూడా మోటార్ చప్పుడులో తేడా తెలుస్తుంది, దాన్ని వినడం అలవాటు చేసుకోండి. చప్పుడు బరువుగా దిగిపోతుంటే మీరు ఎక్కువ లోతు పెట్టారు, లేదా తొందరపెడుతున్నారు. సన్నగా కీచుమంటూ మాడిన వాసన వస్తే మరీ నెమ్మదిగా వెళ్తున్నారు, లేదా బిట్ మొద్దుబారింది. పొట్టు కూడా చెప్తుంది, గట్టి చెక్కలో చిన్న చిన్న పెచ్చులు రాలుతుంటే కోత బాగుంది, పిండిలా మెత్తగా వస్తుంటే బిట్ కోయట్లేదు, రుద్దుతోంది. ఎండీఎఫ్‌లో మాత్రం ఎప్పుడూ పిండే వస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి మాస్క్ లేకుండా ఎండీఎఫ్ రౌట్ చేయకండి, కళ్లకి రక్షణ అద్దాలైతే ఏ చెక్కకైనా తప్పనిసరి.

మాడు మచ్చలు వస్తున్నాయని కొత్త బిట్ కొనేయకండి, ముందు ఉన్నదాన్ని శుభ్రం చేసి చూడండి. చెక్కలోని జిగురు కార్బైడ్ మీద గోధుమరంగు పొరలా గట్టిపడిపోతుంది, అంచు లోపల పదునుగానే ఉన్నా ఆ పొర వల్ల కోత పడదు. బేరింగ్ విప్పి పక్కన పెట్టి, రంపం బ్లేడ్లు శుభ్రం చేసే ద్రవంలో బిట్‌ని కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. బేరింగ్‌ని మాత్రం ఆ ద్రవంలో ముంచకూడదు, లోపలి గ్రీజు కొట్టుకుపోయి బిగుసుకుపోతుంది, బిగుసుకున్న బేరింగ్ తిరిగే బదులు చెక్కకి రాసుకుని నల్లటి చార కాలుస్తుంది. శుభ్రం చేశాక కూడా కోత రాకపోతే సన్నటి డైమండ్ ఫైల్ నీళ్లతో తడిపి, కార్బైడ్ చదును ముఖం మీద మాత్రమే, రెండు అంచులకీ సమానంగా లెక్కపెట్టి నాలుగైదు సార్లు రుద్దండి, ఏటవాలు వైపు ముట్టుకోవద్దు, అక్కడ రుద్దితే బిట్ ఆకారమే మారిపోతుంది. బేరింగ్ గరగరలాడితే అది ఒక్కటే విడిగా దొరుకుతుంది, లోపలి రంధ్రం, బయటి వ్యాసం, మందం కొలిచి అదే సైజుది తెచ్చుకోండి, బిట్ మొత్తం పారేయాల్సిన పని లేదు. బిట్లు దాచడానికి చెక్క దిమ్మకి షాంక్ కంటే కొంచెం వదులుగా బెజ్జాలు వేసి, ఒకదానికొకటి తగలనంత దూరంలో నిలబెట్టండి, రెండు మూడు ఖాళీ బెజ్జాలు అదనంగా వేసి ఉంచితే తర్వాత కొనేవాటికి పనికొస్తాయి.